కొన్నది మనం... తెరిచే హక్కు ఎవరిది?

2007 ఆగస్టు మధ్యలో కొన్ని రోజుల పాటు మన ఊళ్లలో సెల్‌ఫోను ఉన్నవాళ్లంతా ఒకటే పని చేశారు. బడ్డీకొట్టు ముందు నిలబడి, బస్సు కోసం ఎదురుచూస్తూ, ఆఫీసు క్యాంటీన్లో కూర్చుని ఫోను బోర్లా తిప్పారు. బొటనవేలి గోరుతో వెనక మూత ఊడదీశారు. బ్యాటరీ బయటికి లాగి, దానిమీద చీమల బారులా ఉన్న అక్షరాలను కళ్లు చికిలించుకుని చదివారు. వాళ్లు వెతికింది ఒక్క పేరు కోసం: బీఎల్-5సీ.

జపాన్‌కు చెందిన మత్సుషితా కంపెనీ 2005 డిసెంబరు నుంచి 2006 నవంబరు వరకు తయారుచేసిన 4.6 కోట్ల బ్యాటరీలు ఛార్జింగ్‌లో ఉండగా షార్ట్ సర్క్యూటై వేడెక్కవచ్చని ఆ ఆగస్టు 14న నోకియా ప్రకటించింది. ప్రపంచం మొత్తం మీద అప్పటికి వంద వరకు అలాంటి ఘటనలు జరిగాయి. బ్యాటరీ మీదున్న 26 అక్షరాల సంఖ్యను సరిచూసుకుని, అనుమానం ఉంటే ఉచితంగా కొత్తది తీసుకోవచ్చని చెప్పింది. టీవీలు హడలగొట్టాయి, కేర్ సెంటర్ల ముందు జనం వరసలు కట్టారు. కానీ ఆ కంగారులోనూ జనం చేతిలో ఒక బలం ఉంది. అనుమానం వచ్చిన వస్తువును ఎవరికి వాళ్లే తెరిచారు, చూసుకున్నారు, ప్రమాదకరమైన భాగాన్ని వేరు చేసి పక్కన పెట్టారు. ఫోను మాత్రం జేబులోనే ఉంది.

తొమ్మిదేళ్ల తర్వాత అదే కథ మరో కంపెనీతో నడిచింది. 2016 సెప్టెంబరు 2న శాంసంగ్ తన గెలాక్సీ నోట్ 7 ఫోన్లు 25 లక్షల దాకా వెనక్కి పిలిచింది. బ్యాటరీలు అంటుకుంటున్నాయి. వారం తిరిగేసరికి మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ విమానంలో ఆ ఫోను వాడొద్దంది. వాటికి బదులుగా ఇచ్చిన ఫోన్లూ కాలడంతో అక్టోబరు 11న ఆ మోడల్ తయారీయే ఆగిపోయింది. ఈసారి గోరు పనికిరాలేదు. బ్యాటరీ ఫోను లోపల జిగురు కింద ఉంది. తప్పు ఒక్క భాగానిదే అయినా మొత్తం ఫోనును తిరిగివ్వడం తప్ప యజమాని చేయగలిగింది లేదు.

ఈ రెండు ఘటనల మధ్య మారింది బ్యాటరీ ఒక్కటే కాదు. వస్తువు మీద యజమానికి ఉన్న పట్టు మారింది. సన్నగా, నీళ్లు చొరబడకుండా, అందంగా ఉండాలని ఫోన్లను మూసేశారు. అందులో కొంత న్యాయమైన ఇంజినీరింగ్ అవసరమే. మూసేశాక మాత్రం ఆ మూతను ఎవరు, ఎంత ధరకు, ఎన్నేళ్ల దాకా తెరవాలో నిర్ణయించే అధికారం కొన్నవాళ్ల దగ్గర మిగల్లేదు. కొన్నవాళ్లకు ఏ హక్కులున్నాయో, ఏవి ఇంకా దక్కలేదో చూడాలంటే ముందు మరమ్మతు బల్ల దగ్గరికి వెళ్లాలి.

జగదీశ్ మార్కెట్‌లో ఒక మధ్యాహ్నం

హైదరాబాద్ అబిడ్స్‌లోని జగదీశ్ మార్కెట్‌లో నడవాలంటే ఒళ్లు పక్కకి తిప్పుకోవాలి. గజం వెడల్పు కౌంటర్లు. ఒక్కో కౌంటరు మీద రబ్బరు చాప, భూతద్దం దీపం, సన్నటి స్క్రూడ్రైవర్ల గుత్తి, వేడి గాలి ఊదే మిషను. ఫోను వీపును వేడి చేసి, జిగురు మెత్తబడగానే పలచటి ప్లాస్టిక్ రేకు దూర్చి అంచు చుట్టూ తిప్పుతారు. చెయ్యి ఒక్క మిల్లీమీటరు దారి తప్పితే డిస్‌ప్లేకి వెళ్లే రిబ్బను తెగుతుంది. ఏ కంపెనీ గైడూ చదవకుండా, వేల ఫోన్లు విప్పి నేర్చుకున్న పని అది.

ఇలాంటి కౌంటరు దగ్గర వినపడే సంభాషణ దాదాపు ఎప్పుడూ ఒకటే.

“అన్నా, ఒరిజినలేనా?”

“కంపెనీ ఒరిజినల్ బయట దొరకదన్నా. గిది ఫస్ట్ కాపీ. కాంబో మొత్తం మారుస్తా, టచ్ మంచిగుంటది. ఆర్నెల్ల గ్యారంటీ నాది.”

కాంబో అంటే డిస్‌ప్లే, టచ్, పైన అద్దం అతికించి వచ్చే మొత్తం ముక్క. పైన అద్దం ఒక్కటే పగిలినా చాలా మోడళ్లలో కాంబో మొత్తం మార్చాల్సిందే. సర్వీస్ సెంటర్లో చెప్పే ధర విని కొత్త ఫోనే నయమనుకునే వాళ్లు, ఆ ధర భరించలేని వాళ్లు ఇక్కడికి వస్తారు. కోఠి గుజరాతీ గల్లీలో స్పీకర్లకు, పార్క్‌లేన్ చెనాయ్ ట్రేడ్ సెంటర్లో కంప్యూటర్లకు, ప్రతి మండల కేంద్రంలో టీవీకి, మిక్సీకి ఇలాంటి బల్లలే దిక్కు. ఈ దేశంలో పాత వస్తువు ఇంకో రెండేళ్లు బతుకుతోందంటే అది వీళ్ల చలవ.

అయితే వీళ్ల నైపుణ్యానికి కూడా ఇప్పుడు ఒక గోడ అడ్డొచ్చింది. కొన్ని ఖరీదైన ఫోన్లలో తెరకు, బ్యాటరీకి, కెమెరాకు విడివిడిగా సంఖ్యలుంటాయి. ఫ్యాక్టరీలో ఆ సంఖ్యలను ఫోను బోర్డుతో ముడివేస్తారు. అదే మోడల్ ఇంకో ఫోను నుంచి తీసిన అచ్చమైన కంపెనీ తెరను బిగించినా, సాఫ్ట్‌వేర్ దాన్ని పరాయి ముక్కగా గుర్తించి హెచ్చరిక చూపిస్తుంది, ఒక్కోసారి కొన్ని సదుపాయాలను ఆపేస్తుంది. రెండు పాత ఫోన్లను కలిపి ఒక మంచి ఫోను చేసే పాత విద్యను ఇది నేరుగా దెబ్బతీస్తుంది. అమెరికాలో ఒరెగాన్ రాష్ట్రం 2024లో ఈ పద్ధతి మీదే నిషేధం పెట్టింది. 2025 నుంచి అక్కడ అమ్మే కొత్త ఫోన్లలో, ముక్క మార్చినందుకు ఫోను పనితనాన్ని తగ్గించడం చట్టవిరుద్ధం.

బిల్లు, జాబ్ షీట్, రెండేళ్లు

మన దేశంలో అలాంటి చట్టం లేదు. అలాగని యజమాని చేతిలో ఏమీ లేదనుకోవడం పొరపాటు. 1986 డిసెంబరు 24న రాష్ట్రపతి ఆమోదం పొందిన వినియోగదారుల రక్షణ చట్టం స్థానంలో 2019 చట్టం వచ్చింది, 2020 జులై 20 నుంచి అమల్లో ఉంది. పాత చట్టం ప్రకారం కంపెనీ లేదా దాని శాఖ ఎక్కడుందో, గొడవ ఎక్కడ పుట్టిందో అక్కడే కేసు వెయ్యాలి. సిరిసిల్లలో ఉండే మనిషి హైదరాబాద్‌లో కొన్న టీవీ కోసం హైదరాబాద్ తిరగాలి. ఇప్పుడు తాను నివసించే చోట, లేదా పనిచేసే చోట ఉన్న జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు చెయ్యొచ్చు. ఆన్‌లైన్‌లో బెంగళూరు అమ్మకందారు దగ్గర కొన్న ల్యాప్‌టాప్ గురించి శ్రీకాకుళంలో కేసు వెయ్యొచ్చు. సామాన్యుడికి ఈ చట్టంలో వచ్చిన అతి పెద్ద మేలు ఇదే.

చెల్లించిన ధర 50 లక్షల లోపు ఉంటే జిల్లా కమిషనే వింటుంది, కాబట్టి ఏ ఇంటి ఎలక్ట్రానిక్ వస్తువైనా దాని పరిధిలోకే వస్తుంది. ధర 5 లక్షలు దాటకపోతే ఫీజు రూపాయి కూడా లేదు. వకీలును పెట్టుకోవడం తప్పనిసరి కాదు. ఇంటి నుంచే దాఖలు చేయడానికి 2020లో ఈ-దాఖిల్ వచ్చింది, 2025 జనవరి నుంచి ఈ-జాగృతి నడుస్తోంది. ఎదుటి పక్షం 30 రోజుల్లో జవాబివ్వాలి, కమిషన్ ఇంకో 15 రోజులు పొడిగించగలదు, అంతకు మించి వీల్లేదని 2020 మార్చిలో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చేసింది. లోపం ఉందో లేదో పరీక్షిస్తే తప్ప తెలియని వస్తువును కమిషన్ లేబొరేటరీకి పంపగలదు. తేలితే బాగుచేయించమనో, కొత్తది ఇవ్వమనో, డబ్బు వడ్డీతో వాపసు ఇవ్వమనో, పడ్డ ఇబ్బందికి పరిహారం కట్టమనో ఆదేశించగలదు. ఆ ఆదేశాన్ని ఖాతరు చేయకపోతే నెల నుంచి మూడేళ్ల దాకా జైలు, లేదా 25 వేల నుంచి లక్ష దాకా జరిమానా, లేదా రెండూ పడతాయి.

బెంగళూరులో ఒకాయన 2021 అక్టోబరులో ఐఫోన్ 13 కొన్నాడు. కొన్నాళ్లకే బ్యాటరీ గబగబా దిగిపోతోంది, స్పీకరు సరిగ్గా పలకడం లేదు. వారంటీ ఉండగానే సర్వీస్ సెంటర్లో ఇచ్చాడు. మొదట బాగుచేస్తామన్నారు, తర్వాత జాలీలో జిగురులాంటిదేదో ఉంది, ఇది వారంటీలోకి రాదు, డబ్బు కట్టాలన్నారు. ఆయన ఒప్పుకోలేదు. మెయిళ్లు పెట్టాడు, నోటీసు ఇచ్చాడు, వినియోగదారుల కమిషన్‌కు వెళ్లాడు. 2023లో తీర్పు వచ్చింది: ఫోను ధర 79,900 రూపాయలు వడ్డీతో వాపసు, పైన 20 వేల పరిహారం. ఫోను జాలీలో జిగురు ఎలా వచ్చిందో చెప్పాల్సిన బాధ్యత కొన్నవాడిది కాదు కదా. ఆయన గెలుపుకు పెద్ద న్యాయ సూత్రాలేం అక్కర్లేదు. బిల్లు ఉంది, సర్వీస్ సెంటర్ ఇచ్చిన కాగితం ఉంది, రాసిన ప్రతి మెయిలూ ఉంది.

మన దగ్గర చాలా న్యాయమైన ఫిర్యాదులు ఓడిపోయేది ఇక్కడే. బిల్లు వద్దంటే జీఎస్టీ తగ్గిస్తామన్న షాపు మాటకు ఒప్పుకోవడం, ఆన్‌లైన్ బిల్లును డౌన్‌లోడ్ చేయకుండా వదిలేయడం, సర్వీస్ సెంటర్లో వస్తువు తీసుకుంటూ రాసే కాగితం, అంటే జాబ్ షీట్, చదవకుండా సంతకం పెట్టడం, “వాళ్లు ఫోన్లో చెప్పారండీ” అని నమ్మడం. జాబ్ షీట్ మీద ఏం రాశారో అదే రేపు సాక్ష్యం. ‘డిస్‌ప్లే పగిలింది’ అని వాళ్లు రాసుకుంటే, ఇచ్చినప్పుడు పగల్లేదని నిరూపించడం కష్టం. కౌంటరు మీద పెట్టిన ఫోనును అక్కడే నాలుగు వైపులా ఫొటో తీసుకోవడానికి నిమిషం పట్టదు. మాటగా చెప్పిన దాన్ని ఆ సాయంత్రమే కంపెనీకి మెయిల్ చేసి, “మీ సెంటర్లో ఇలా చెప్పారు” అని రాస్తే ఆ మాటకు కాగితం పుడుతుంది. ఇంకో సంగతి, గొడవ మొదలైన రోజు నుంచి రెండేళ్లే గడువు. “ముక్క రావాలి, వచ్చే వారం రండి” అని తిప్పించుకునే వారాలన్నీ అందులోంచే కరిగిపోతాయి.

బిల్లు ఇవ్వకపోవడమే ఈ చట్టం కింద అనుచిత వ్యాపార పద్ధతి. లోపమున్న సరుకును బిల్లులో చెప్పిన గడువులో, గడువు చెప్పకపోతే 30 రోజుల్లో వెనక్కి తీసుకోనని మొండికేయడమూ అంతే. ‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’ అని బిల్లు కింద అచ్చువేసుకున్నంత మాత్రాన లోపమున్న వస్తువును అంటగట్టే హక్కు షాపుకు రాదు. వారంటీ కార్డు అసలే లేని వస్తువైనా సరే, ఏ పనికోసం అమ్మారో ఆ పనికి పనికి రావాలన్న షరతు 1930 నాటి సరుకుల అమ్మకపు చట్టంలోనే ఉంది.

జిరాక్స్ సెంటర్ పెట్టుకున్నవాళ్లు, ఫొటో స్టూడియో నడిపేవాళ్లు “మాది వ్యాపారం, మాకు ఈ చట్టం రాదు” అనుకుని ఊరుకుంటారు. అది నిజం కాదు. సొంతంగా పనిచేసుకుని పొట్టపోసుకోవడానికి కొన్న యంత్రమైతే కొన్నవాడు వినియోగదారుడే. సుప్రీంకోర్టు 1995లో లక్ష్మీ ఇంజినీరింగ్ వర్క్స్ కేసులో ఈ తేడాను వివరంగా చెప్పింది, చట్టంలోనూ ఆ వివరణ ఉంది. పెళ్లిళ్ల సీజన్లో చెడిపోయిన కెమెరా ఒక కుటుంబం మూడు నెలల తిండి. ఈ వివరణ తెలియక ఎందరు వెనక్కి తగ్గారో!

కమిషన్ దాకా వెళ్లకముందు 1915 ఉంది. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరది, తెలుగుతో కలిపి 17 భాషల్లో పలుకుతుంది. తీర్పు చెప్పే అధికారం దానికి లేదు. ఫిర్యాదును కంపెనీ ముందు పెట్టి జవాబు అడుగుతుంది. ప్రభుత్వం ద్వారా వచ్చిన ఫిర్యాదంటే చాలా కంపెనీలు కదులుతాయి, చిన్న గొడవలు అక్కడే తీరిపోతాయి. కదలకపోతే, ఆ ఫిర్యాదు నంబరు కమిషన్‌లో ఇంకో ఆధారమవుతుంది.

ఒక చేదు నిజం కూడా చెప్పుకోవాలి. పరీక్ష అవసరం లేని కేసు మూడు నెలల్లో, అవసరమైతే ఐదు నెలల్లో ముగించడానికి ప్రయత్నించాలని చట్టం అంటుంది. కమిషన్లలో అధ్యక్షులు, సభ్యుల కుర్చీలే ఖాళీగా ఉంటే గడువులు ఎలా నిలుస్తాయి? ఈ ఖాళీల సంగతిని 2021లో సుప్రీంకోర్టు తనంతట తానే విచారణకు తీసుకోవాల్సి వచ్చింది. పదిహేను వేల ఫోను కోసం ఏళ్ల తరబడి వాయిదాలు తిరిగే ఓపిక కూలికి వెళ్లే మనిషికి ఉండదు. ఆ ఓపిక లేకపోవడం మీదే కొందరు అమ్మకందార్లు లెక్క వేసుకుంటారు. కుర్చీలు నింపడం రాష్ట్ర ప్రభుత్వాల పని. జనం గట్టిగా అడగాల్సిన పని.

ఎర్రబడిన చిన్న స్టిక్కరు

వారంటీ తిరస్కరించడానికి ఎక్కువగా వినపడే కారణం నీళ్లు. చాలా ఫోన్ల లోపల, కొన్నింట్లో సిమ్ పెట్టే గూడులోనే, మినప గింజంత తెల్ల స్టిక్కరు ఉంటుంది. నీరు తగిలితే ఎర్రబడుతుంది. టెక్నీషియన్ టార్చి వేసి చూసి “వాటర్ డ్యామేజీ సార్” అంటే అక్కడితో మాట ముగిసిందనుకుంటారు. ఆ స్టిక్కరు నీరు తగిలిందని చెబుతుందే గాని, ఎప్పుడు తగిలిందో, ఎంత తగిలిందో, స్పీకరో ఛార్జింగో చెడటానికి ఆ నీరే కారణమో కాదో చెప్పదు. అడగాల్సిన ప్రశ్న అదే. ఏ భాగం చెడింది, దానికి నీటికి సంబంధం ఏమిటి అన్నది జాబ్ షీట్ మీద రాసివ్వమనాలి.

ఇదే ఫోను ప్రకటనలో మాత్రం ఈతకొలనులో మునిగి తేలుతుంది. ఆ వైరుధ్యాన్ని ఇటలీ వదల్లేదు. ప్రకటనల్లో నీటిని తట్టుకుంటుందని చెప్పి, అది ప్రయోగశాలలోని నిలకడైన మంచినీటికే వర్తిస్తుందన్న సంగతిని స్పష్టం చేయకుండా, నీటితో చెడితే వారంటీ లేదన్నందుకు 2020 నవంబరులో అక్కడి పోటీ, వినియోగదారుల సంస్థ ఆపిల్‌కు కోటి యూరోల జరిమానా వేసింది. మన 2019 చట్టమూ తప్పుదోవ పట్టించే ప్రకటనల మీద చర్య తీసుకోవడానికే కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థను పెట్టింది. ఒక్కొక్కరి కేసు విని తీర్పు చెప్పడం దాని పని కాదు, అందరికీ జరుగుతున్న అన్యాయాన్ని ఆపడం దాని పని. ఫోన్ల ప్రకటనల మీద అది ఇంకా చురుగ్గా చూపు పెట్టాలి.

ఏసీలు, ఫ్రిజ్‌లు, వాషింగ్ మెషీన్ల విషయంలో గొడవ మరోలా ఉంటుంది. సంక్రాంతి ఆఫర్లో ఏసీ కొంటారు, కొత్త ఇల్లు పూర్తయ్యాక మార్చిలో బిగిస్తారు. వారంటీ మాత్రం బిల్లు తేదీ నుంచే నడుస్తుంటుంది. వాడని నెలలు వాడినట్టు లెక్క. వారంటీని బిగించిన రోజు నుంచి లెక్కించేలా తమ పద్ధతులు మార్చుకోవాలని 2024లో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ ఈ వస్తువుల తయారీదార్లను కోరింది. అది విన్నపమే, నియమం కాదు. కొనేటప్పుడే “ఇన్‌స్టలేషన్ తేదీ నుంచి వారంటీ” అని బిల్లు మీద రాయించుకోగలిగితే ఆ రాత నిలుస్తుంది.

ఆన్‌లైన్ కొనుగోళ్లకు 2020 జులైలో వచ్చిన ఈ-కామర్స్ నియమాలున్నాయి. ఫిర్యాదుల అధికారి పేరు, నంబరు వెబ్‌సైట్‌లో పెట్టాలి. ఆయన 48 గంటల్లో ఫిర్యాదు అందినట్టు చెప్పాలి, నెలలోపు తేల్చాలి. అమ్మకందారు వివరాలు, వస్తువు ఏ దేశంలో తయారైందో చూపాలి. 2023 నవంబరు 30న వచ్చిన మార్గదర్శకాలు కొనేవాళ్లను మభ్యపెట్టే 13 రకాల తెర మాయలను నిషేధించాయి. అడక్కుండానే ఎక్స్‌టెండెడ్ వారంటీని బుట్టలో చేర్చి మొత్తం పెంచేయడం వాటిలో ఒకటి. అలా కట్ అయిన డబ్బును వదిలేయాల్సిన పని లేదు.

ఛార్జర్ల గురించి ఒక్క మాట. 2012లో మొదలైన విధానం కింద ఛార్జర్లు, బ్యాటరీలు, పవర్ బ్యాంకుల వంటి వస్తువులకు భారతీయ ప్రమాణాల సంస్థ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. వస్తువు మీద గుర్తుతో పాటు ‘ఆర్’ అక్షరంతో మొదలయ్యే సంఖ్య ఉంటుంది. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ సంఖ్య కొడితే ఎవరి పేరున నమోదైందో వెంటనే చూపిస్తుంది. పసిపిల్లలు పడుకున్న మంచం పక్కన రాత్రంతా ఫోను ఛార్జింగ్ పెట్టే ఇళ్లు మనవి. ఆ ఒక్క సంఖ్య చూడకుండా ఛార్జరు కొనకూడదు.

మరమ్మతుకిచ్చిన ఫోనులో ఫొటోలుంటాయి, బ్యాంకు యాప్‌లుంటాయి, ఒక మనిషి బతుకంతా ఉంటుంది. చాలాచోట్ల జాబ్ షీట్ మీద పాస్‌వర్డ్ గడి ఉంటుంది, జనం నమ్మకంగా నింపేస్తారు. తెర మార్చడానికి, బ్యాటరీ మార్చడానికి ఆ పాస్‌వర్డ్‌తో పని లేదు. శాంసంగ్ 2022లో మెయింటెనెన్స్ మోడ్ తెచ్చింది, గూగుల్ పిక్సెల్‌కు 2023 చివర రిపేర్ మోడ్ వచ్చింది. అది ఆన్ చేసి ఇస్తే టెక్నీషియన్ ఫోనును పరీక్షించగలడు, లోపలి సమాచారం మాత్రం కనపడదు. ఆడపిల్లలున్న ఇళ్లలో ఈ ఒక్క సంగతి ఈ రోజే అందరికీ చెప్పుకోవాలి.

ముక్క ఎక్కడ దొరుకుతుంది?

ఇవన్నీ వస్తువు చెడ్డదైనప్పుడు, మోసం జరిగినప్పుడు పనికొచ్చే హక్కులు. వస్తువు మంచిదే, నాలుగేళ్లు చక్కగా పనిచేసింది, బ్యాటరీ అరిగిపోయింది, తెర పగిలింది. అప్పుడు? ముక్కను మామూలు ధరకు అమ్మాలని, ఇన్నేళ్ల దాకా అందుబాటులో ఉంచాలని, బయటి మెకానిక్‌కు కూడా ఇవ్వాలని ఎలక్ట్రానిక్ వస్తువుల కంపెనీలను కట్టడి చేసే చట్టం మన దగ్గర లేదు. యజమాని హక్కుల్లో పెద్ద చిల్లు ఇదే.

ఆ చిల్లును కార్ల విషయంలో ఒకసారి పూడ్చే ప్రయత్నం జరిగింది. విడిభాగాలు, మరమ్మతు సమాచారం బయటి గ్యారేజీలకు చేరకుండా కట్టడి చేశారంటూ 2014 ఆగస్టు 25న కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా 14 కార్ల కంపెనీలకు 2,544.65 కోట్ల రూపాయల జరిమానా వేసింది. తర్వాత అప్పీళ్లు నడిచాయి. ఆ ఆదేశంలోని తర్కం మాత్రం ఫోనుకు కూడా అక్షరాలా సరిపోతుంది. కారు కొన్నవాడు ఆ కంపెనీ ముక్కల బజారులో బందీ అయిపోతాడు, ఎందుకంటే ఇంకో కంపెనీ ముక్క దానికి సరిపోదు.

2022 జులైలో కేంద్రం మరమ్మతు హక్కు మీద ఒక కమిటీ వేసింది. సేద్యపు యంత్రాలు, ఫోన్లూ ఎలక్ట్రానిక్స్, గృహోపకరణాలు, వాహనాలు అనే నాలుగు రంగాలను ఎంచుకుంది. అదే ఏడాది డిసెంబరు 24న రైట్ టు రిపేర్ పోర్టల్ మొదలైంది. కంపెనీలు తమ మాన్యువళ్లు, విడిభాగాల ధరలు, వారంటీ వివరాలు, సర్వీస్ సెంటర్ల చిరునామాలు అందులో పెట్టాలన్నది ఉద్దేశం. చేరడం కంపెనీల ఇష్టం. 2024 సెప్టెంబరులో భరత్ ఖేరా అధ్యక్షతన ఇంకో కమిటీ వచ్చింది, 2025 మేలో నివేదిక ఇచ్చింది. ఫోన్లకు, ఎలక్ట్రానిక్ వస్తువులకు ‘మరమ్మతు సూచీ’ ఉండాలని దాని సిఫార్సు. విప్పడం ఎంత తేలిక, ముక్కలు ఎంత త్వరగా దొరుకుతాయి, మామూలు పనిముట్లు సరిపోతాయా, ఎలాంటి స్క్రూలు వాడారు, సమాచారం ఇస్తున్నారా, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు ఎన్నాళ్లు అన్నవాటికి మార్కులు వేసి, ఆ అంకెను అమ్మేచోటే చూపాలి. ఫ్రిజ్ మీద కరెంటు ఖర్చుకు నక్షత్రాలు చూసి కొనడం మనకు అలవాటైంది. దీన్ని కూడా అలాగే నేర్చుకుంటాం.

ఫ్రాన్స్‌లో ఇలాంటి అంకె 2021 జనవరి 1 నుంచే తప్పనిసరి చేశారు. యూరోపియన్ యూనియన్ మొత్తం మీద 2025 జూన్ 20 నుంచి ఇంకా గట్టి నియమాలు వచ్చాయి. ఒక మోడల్ అమ్మకం ఆపేశాక కూడా ఏడేళ్ల పాటు ముఖ్యమైన ముక్కలు ఇవ్వాలి, అవీ 5 నుంచి 10 పనిదినాల్లో అందాలి, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు కనీసం ఐదేళ్లు రావాలి, బ్యాటరీ 800 సార్లు ఛార్జి చేశాక కూడా 80 శాతం సామర్థ్యంతో ఉండాలి. ఇవే కంపెనీలు మన దగ్గరా అమ్ముతున్నాయి. బెర్లిన్‌లో ఏడేళ్లు ఇవ్వగలిగిన ముక్కను భీమవరంలో ఇవ్వలేకపోవడానికి సాంకేతిక కారణమేమీ లేదు. అడిగే చట్టం లేకపోవడమే కారణం.

ముక్క కథ సాఫ్ట్‌వేర్ దాకా సాగుతుంది. బ్యాటరీ పాతబడిన ఐఫోన్లను అప్‌డేట్ ద్వారా నెమ్మది చేస్తున్నట్టు 2017 డిసెంబరులో ఆపిల్ ఒప్పుకుంది. ఫోను ఉన్నట్టుండి ఆగిపోకుండా అలా చేశామంది. కానీ యజమానికి చెప్పలేదు. బ్యాటరీ మారిస్తే చాలని తెలియక ఎంతోమంది కొత్త ఫోన్లు కొనేశారు. దుమారం రేగాక మన దేశంలో బ్యాటరీ మార్చే ధరను 6,500 నుంచి 2,000 రూపాయలకు, పన్నులు అదనంగా, తగ్గించారు. ఒక్క వారంలో అంత తగ్గగలిగిన ధర అంతకుముందు అంత ఎందుకుందన్న ప్రశ్న ఇప్పటికీ అలాగే ఉంది. 2018 అక్టోబరులో ఇటలీ ఈ రకపు అప్‌డేట్ల మీద ఆపిల్‌కు కోటి యూరోలు, శాంసంగ్‌కు 50 లక్షల యూరోల జరిమానాలు వేసింది. ఆ తర్వాత కొన్నేళ్లకు మన దేశంలో వన్‌ప్లస్ ఫోన్లు కొన్నవాళ్లు అప్‌డేట్ తర్వాత తెర మీద నిలువునా ఆకుపచ్చ గీత వచ్చిందని గగ్గోలు పెట్టారు. 2023లో ఆ కంపెనీ కొన్ని మోడళ్ల తెరలకు జీవితకాల వారంటీ ఇచ్చింది. ఏ కోర్టూ చెప్పలేదు, ఏ చట్టమూ ఒత్తిడి చేయలేదు. ఒకే గీతను వేలమంది ఒకేసారి ఫొటో తీసి పెట్టడం వల్ల జరిగింది.

2015 ఆగస్టులో మన శ్రీసిటీలో ఫాక్స్‌కాన్ ఫ్యాక్టరీలో తయారైన షావోమి రెడ్‌మి 2 ప్రైమ్‌ను విశాఖపట్నంలో ఆవిష్కరించారు. అదే ఏడాది హైదరాబాద్ దగ్గర మేడ్చల్‌లో మన సెల్‌కాన్ ఫ్యాక్టరీ తెరుచుకుంది. తెలుగు నేల మీద ఫోన్లు బిగించడం మొదలై పదేళ్లు దాటింది. ఒక పల్లె కుర్రాడు ఫోన్లు బిగించే పని నేర్చుకున్నాడు, అతని ఊళ్లోనే ఆ ఫోను చెడితే విప్పడానికి కంపెనీ ముక్కా, కంపెనీ గైడూ దొరకవు. ఫ్యాక్టరీలకు భూమి, నీరు, కరెంటు రాయితీ మీద ఇచ్చే ప్రభుత్వాలు విడిభాగాల మాట కూడా ఒప్పందంలో రాయించగలవు. అది బహిరంగ చర్చలోకి రావాలి.

కోఠిలోనో, ఏ జిల్లా కేంద్రంలోని మొబైల్ విడిభాగాల దుకాణంలోనో ఇప్పటికీ బీఎల్-5సీ కొలత బ్యాటరీ అడిగితే డ్రాయరు లాగి ఇస్తారు. బటన్ ఫోన్లకు, భక్తిపాటల బుల్లి పెట్టెలకు, చేలో కంచె మీద వేలాడే ఎఫ్ఎం రేడియోలకు అదే బ్యాటరీ వేస్తున్నారు. ఎవరైనా తయారుచేయగల కొలత, ఎవరైనా తెరవగల మూత కాబట్టి ఆ రేడియో ఇంకా పాడుతోంది. పక్క కౌంటరులో నాలుగేళ్ల కిందటి స్మార్ట్‌ఫోను, తెర ముక్క దొరక్క, కాగితం కవర్లో పేరూ నంబరూ రాసుకుని మూడో వారం ఎదురుచూస్తోంది.